ఫాక్‌లాండ్ దీవుల్లో ముందు దిగిందెవరు? తేదీలు కలగాపులగం అవుతున్నాయి

ప్రశ్న (గుణుపురం నుంచి): గ్రంథాలయం గోడపత్రికకి దక్షిణ అమెరికా కొస దగ్గరున్న ఫాక్‌లాండ్ దీవుల గురించి రాస్తున్నాం. ఒకచోట 1764లో ఫ్రెంచివాళ్లు అని ఉంది, ఇంకోచోట 1765లో ఇంగ్లీషువాళ్లు అని ఉంది. 1770లో స్పెయిన్ తరిమేసిన ఇంగ్లీషువాళ్లు 1774లో మళ్లీ ఖాళీ చేయడమేమిటి? పోతూ పోతూ సీసపు పలక ఎందుకు పెట్టారు?

బరంపురం పాఠకుడు: ముందు పటం గీయండి మాస్టారూ, సగం చిక్కు అక్కడే విడిపోతుంది. పెద్ద దీవులు రెండు, మధ్యలో జలసంధి. తూర్పు దీవిలో 1764లో బూగన్‌విల్ అనే ఫ్రెంచివాడు పోర్ట్ లూయీ కట్టాడు. పడమటి వైపు సాండర్స్ అనే చిన్న దీవి దగ్గర 1765 జనవరిలో ఇంగ్లీషు నౌకాధికారి బైరన్ జెండా ఎత్తి, పోర్ట్ ఎగ్మాంట్ అని పేరు పెట్టి వెళ్లిపోయాడు. మనుషులు వచ్చి ఉన్నది 1766 జనవరిలో, ఇంగ్లీషు కెప్టెన్ మెక్‌బ్రైడ్‌తో. ఫ్రెంచి ఊరు అతని కంటపడింది ఆ ఏడాది చివర్లో! అంటే రెండు ఊళ్లు, రెండు వరసలు. వీటిని కలిపేస్తేనే మీకొచ్చిన గందరగోళం.

ఫ్రెంచివాళ్లు 1767 ఏప్రిల్ 1న తమ ఊరిని స్పెయిన్‌కి అప్పగించారు. ఖర్చుల కింద బూగన్‌విల్‌కి 6,18,108 లివ్రులు (అప్పటి ఫ్రెంచి నాణేలు) ముట్టాయి. పోర్ట్ లూయీయే తర్వాత ప్యూర్టో సోలెదాద్ అయింది. కొత్త ఊరనుకుని విడిగా రాయకండి. ఈ దీవుల్ని స్పానిష్‌లో పిలిచే మాల్వినాస్ పేరుకి మూలం కూడా ఫ్రెంచే. ఫ్రాన్స్‌లోని సెయింట్ మాలో రేవు నుంచి బయల్దేరారు కాబట్టి మాలూయీన్, దాన్నుంచి మాల్వినాస్.

1770 జూన్‌లో స్పెయిన్ సేనాని మదరియాగా సుమారు 1,400 మందితో వచ్చి పోర్ట్ ఎగ్మాంట్‌ని ఖాళీ చేయించాడు. యుద్ధం దాకా వచ్చింది గానీ, ఫ్రాన్స్ రాజు తోడు రానన్నాడు, స్పెయిన్ తగ్గింది. 1771 జనవరి 22 ఒప్పందంలో కిటుకంతా ఉంది: ఊరు తిరిగిస్తాం, హక్కు మాట మాత్రం అలాగే ఉంటుంది అన్నారు.

కోరాపుట్ నుంచి: పలక సంగతి. 1774లో ఖర్చు తగ్గించుకోడానికి ఇంగ్లీషు దళం వెళ్లిపోయింది. ఈ దీవులు మా రాజువే అని చెక్కిన సీసపు పలక పెట్టి మరీ వెళ్లింది. ఊరు వదిలాం, హక్కు వదల్లేదు అని దాని అర్థం. 1811లో స్పెయినూ అలాగే పలక పెట్టి పోయింది. ఆంధ్ర, ఒడిశా రెండూ మావే అనే మన కొటియా ఊళ్లలో ఒకే ఇంటికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు ఉన్నట్టు, కాగితం ఒకరిది, కాపురం ఇంకొకరిది.

గుణుపురం: 1833 కూడా చెప్పండి.

బరంపురం పాఠకుడు: 1820లో జ్యూవెట్ అనే నావికుడు బ్యూనస్ ఐరిస్ (ఇప్పటి అర్జెంటీనా) ప్రభుత్వం తరఫున జెండా ఎత్తాడు. 1829లో ఆ ప్రభుత్వం తరఫున వ్యాపారి వెర్నెట్‌ని అధికారిగా వేశారు. అడవి పశువుల వేట, సీల్ వేట మీద అతని ఆశ. అమెరికా ఓడల్ని పట్టుకోవడంతో 1831 డిసెంబరులో లెక్సింగ్టన్ అనే అమెరికా యుద్ధనౌక వచ్చి ఊరిమీద పడింది. 1833 జనవరి 3న ఇంగ్లీషు కెప్టెన్ ఆన్‌స్లో బ్రిటిష్ జెండా ఎగరేశాడు.

కోరాపుట్ నుంచి: ఒక సవరణ. అప్పుడు ఊరందరినీ వెళ్లగొట్టారని చాలామంది రాస్తారు, అది తప్పు. పొమ్మన్నది బ్యూనస్ ఐరిస్ సైనిక దళాన్ని. పశువుల కాపర్లలో చాలామంది ఉండిపోయారు. ఇంకో మాట, ఇప్పటి రాజధాని స్టాన్లీని ఈ వరసలో ఎక్కడా ఇరికించకండి. అది రాజధాని అయింది 1845లో.