గింజధాన్యం లేని వంటల పుస్తకం: 23వ వంట దగ్గర ఇరుక్కుపోయాను, సాయం చేయండి

గోదారి గట్టు, రాజమండ్రి:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన మా ఆడపడుచు ఒక వంటల పుస్తకం ఇచ్చి వెళ్ళింది. బియ్యం, గోధుమ, మొక్కజొన్న, ఓట్స్ ఏవీ లేకుండా 110 వంటలు. సరిగ్గా ఆ నెలలోనే మా ఆయనకి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.2 వచ్చింది. ఇంకా షుగర్ కాదు, అంచు మీద ఉన్నారు, ముందు తిండి మార్చి చూడండి అన్నారు డాక్టరు గారు. నాకో జబ్బుంది. ఏ పుస్తకమైనా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చేసి తీరాలి. వారానికి మూడు వంటలు, ఏదీ వదలకూడదు అని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఇప్పటికి 22 అయ్యాయి.

ముందు జరిగిన ఘోరాలు చెప్తాను. నాలుగో వంట బాదంపిండి బిస్కెట్లు. ఓవెన్ 350 మీద పెట్టమని ఉంది. నాది 250 దగ్గరే ఆగిపోతుంది. పోనీలే, ఉన్నంతలో పెడదామని చివరిదాకా తిప్పాను. పది నిమిషాల్లో ఇల్లంతా పొగ! అది ఫారెన్‌హీట్ అనీ, మన లెక్కలో 177 డిగ్రీలేననీ రాత్రి మా అబ్బాయి చెప్పాడు. 500 రూపాయల బాదంపప్పు బొగ్గయిపోయింది.

ఆ బాధతో తర్వాతి వంటలో బాదంపిండి బదులు కొబ్బరిపిండి వేశాను, కప్పుకి కప్పు. మనకి కోనసీమ పక్కనే కదా, కొబ్బరికి లోటేముంది. పాలు తీసేసిన పిప్పి ఎండబెట్టి మిక్సీ పట్టాను. ఆ పిండి ఉన్న గుడ్లన్నీ తాగేసి ఇంకా కావాలంది. చివరికి తడి ఇసుక ముద్ద తయారైంది. కాకులకి వేస్తే అవి కూడా ఆలోచించాయి.

బాగా కుదిరింది కాలీఫ్లవర్ అన్నం. పసుపు, ఉప్పు వేసిన వేడినీళ్ళలో పూలు కాసేపు ఉంచి, ఆరాక తురిమి, పాత పంచె ముక్కలో గట్టిగా పిండేయాలి. వెడల్పు మూకుట్లో, మూత పెట్టకుండా ఐదు నిమిషాలు. మూత పెట్టారంటే జావే. నిమ్మకాయ పులిహోర పోపు వేస్తే మా ఆయన రెండోసారి అడిగి పెట్టించుకున్నారు. మామయ్య గారు మాత్రం కంచంలో పెట్టిందంతా తిని, చెయ్యి కడక్కుండా కూర్చుని, "ఇక అన్నం పెట్టమ్మాయ్" అన్నారు.

ఇప్పుడు నా ఇబ్బంది ఏమిటంటే 23వ వంట, బాదంపిండి రొట్టెలు. పెనం మీద తిప్పేసరికి ముక్కలు ముక్కలవుతున్నాయి. రెండోది, ఈ పుస్తకం పప్పులు కూడా వద్దంటోంది. పప్పు లేకుండా మన ఇళ్ళలో ఏం వండుతాం? ఇంకోటి, మామయ్య గారికి రాత్రిపూట అన్నం బదులు ఏం పెట్టాలో చెప్పండి. ఆయనకి పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది.

జొన్నచేను, మహబూబ్‌నగర్:

అక్కా, బాదంపిండి రొట్టెలు ఎందుకు, హాయిగా జొన్నరొట్టె చేసుకోండి. మా ఇంట్లో రోజూ అదే, పుండికూర పచ్చడితో. లేదంటే కొర్రన్నం. అవి ధాన్యం కాదు కదా, మిల్లెట్స్.

పెరటి కరివేపాకు, న్యూజెర్సీ:

తమ్ముడూ, జొన్న, రాగి, సజ్జ, కొర్ర అన్నీ గింజధాన్యాలే. వరిలాగే గడ్డిజాతి మొక్కల గింజలు. తెల్లన్నం కంటే పీచు ఎక్కువ, అది వేరే మాట. అక్క పుస్తకం లెక్కలో మాత్రం అవన్నీ అవుట్.

మా పాపకి సీలియాక్, అంటే గోధుమల్లో ఉండే గ్లూటెన్ పడని జబ్బు. దానికి గోధుమ, బార్లీ, రై పడవు. అన్నం, జొన్న తింటుంది. కేకులు, రొట్టెల కోసం ఆరేళ్ళుగా బాదంపిండితో కుస్తీ పడుతున్నాను కాబట్టి కాస్త చెప్పగలను.

రొట్టె విరగడం మీ తప్పు కాదు. గోధుమపిండిని పట్టి ఉంచే జిగురు గ్లూటెన్‌ది, బాదంపిండిలో అది లేదు. కప్పు పిండికి ఒక పెద్ద చెంచా ఇసబ్‌గోల్ పొట్టు కలిపి, వేడినీళ్ళతో తడిపి, పావుగంట వదిలేయండి. అప్పుడు ముద్ద సాగుతుంది. అప్పడాల కర్ర జోలికి వెళ్ళొద్దు. అరిటాకు మీద నూనె రాసి బొబ్బట్టు తట్టినట్టు చేత్తో తట్టి, ఆకుతో సహా పెనం మీద బోర్లించి, ఆకు మెల్లిగా లాగేయండి. సన్నని సెగ. మొదటి వైపు బాగా కాలేదాకా అట్లకాడ ముట్టుకోవద్దు.

కొబ్బరిపిండి నీళ్ళు తాగే రకం. బాదంపిండి ఒక కప్పు వేసే చోట కొబ్బరిపిండి పావు కప్పు వేసి, గుడ్లు పెంచాలి. బాదం ఇంట్లోనే పట్టుకుంటే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, మిక్సీ ఆపి ఆపి తిప్పండి. ఏకబిగిన తిప్పితే నూనె వదిలి ముద్దైపోతుంది. ఇంకోటి, బాదం 100 గ్రాములు 580 కేలరీల దాకా ఉంటుంది. ధాన్యం లేదు కదా అని నాలుగు బిస్కెట్లు లాగించేస్తే మీ ఆయన బరువు తగ్గరు.

పప్పులంటారా, అది ఆదిమానవుడు తిన్నట్టే తినాలనే వాళ్ళ సిద్ధాంతం. ధాన్యం మానడానికీ పప్పు మానడానికీ సంబంధం లేదు. గందరగోళం అసలు మన మాటలోనే ఉంది. నవధాన్యాలు అంటాం, లెక్కపెట్టండి. వడ్లు, గోధుమలు, కందులు, పెసలు, శనగలు, అలసందలు, మినుములు, ఉలవలు, నువ్వులు. ఇందులో గింజధాన్యాలు రెండే! ఆరు పప్పుజాతివి, నువ్వులు నూనెగింజ. నేనైతే పుస్తకంలో ఆ పేజీ మడిచేసి పెసరట్టు వేస్తాను. గుప్పెడు బియ్యం పోయడం మానేస్తే చాలు, అట్టు అట్టులాగే వస్తుంది. అలాగని అరడజను అట్లు తినమని కాదు. పెసల్లో మాంసకృత్తులు నూటికి 24 పాళ్ళుంటే పిండిపదార్థం 60 పైనే.

ఇంగువ డబ్బా వెనక కూడా ఓసారి చదవండి. కొట్లో దొరికే ముద్ద ఇంగువ, పొడి ఇంగువల్లో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. మీకు చిటికెడుతో వచ్చే నష్టమేం లేదు. మాకైతే అదే పెద్ద టెన్షన్, పాప మూడు నెలలు కడుపునొప్పితో బాధపడ్డాక కానీ తెలియలేదు.

పాత క్యాషియర్, తెనాలి:

అమ్మా, వంటల సంగతి ఆవిడ చెప్పారు. నేను మీ మామగారి గురించి రాస్తున్నాను. ఆయన గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే, ముందు డాక్టరుకి చెప్పకుండా రాత్రి అన్నం మాన్పించకండి. ఆ మాత్ర రోజూ తినే అన్నాన్ని లెక్కలో పెట్టుకుని రాసింది. అన్నం తీసేసినా మాత్ర తన పని తాను చేసుకుపోతుంది. నేనూ అలాంటి మాత్ర వేసుకుంటూనే పౌరుషానికి పోయి అన్నం మానేసిన రెండో వారంలో, తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు. మిషన్‌లో చూస్తే షుగర్ 58. మా ఆవిడ చక్కెర నీళ్ళు తాగించింది కాబట్టి సరిపోయింది. తర్వాత మాత్ర సగానికి తగ్గించారు.

సగ్గుబియ్యం ఎవరైనా చెప్తారేమో. పేరులో బియ్యం ఉన్నా అది కర్రపెండలం దుంప పిండి, మీ పెద్దాపురం వైపు మిల్లుల్లో చేసేదే. ధాన్యం కాదు, నిజమే. కానీ ఉత్త పిండిపదార్థం, నాకు దాంతో షుగర్ అన్నం కంటే ఎక్కువ పెరిగింది.

గోదారి గట్టు, రాజమండ్రి:

అందరికీ పేరుపేరునా థాంక్స్. రెండు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

క్యాషియర్ గారూ, మామయ్య గారు వాడేది మీరు చెప్పిన మాత్రే. డాక్టరుని అడిగాం. ఒక్కసారిగా మాన్పించొద్దు, అన్నం సగం చేసి ఆ సగం చోట కూర, పప్పు పెట్టండి, వారం పాటు ఉదయం సాయంత్రం చూసి రాయండి అన్నారు. ఇప్పుడు ఆయనకి చిన్న గిన్నెడు అన్నం, మిగతాది సొరకాయ పాలకూర పప్పు. అసలు అన్నం కంటికి కనపడితే చాలట, గొణుగుడు ఆగింది.

అరిటాకు ఉపాయం పారింది. మొదటిది ఆకుకే అతుక్కుంది, నూనె తక్కువై. రెండోది నిలబడింది. ఐదోది మా ఆయన గోంగూరతో తిన్నారు, ఏం వ్యాఖ్యానం లేదు. ఆయన నోటి నుంచి అది మెచ్చుకోలు కిందే లెక్క.

పెసరట్టు వేసి, 23వ వంట పక్కన బాల్‌పెన్‌తో "23-ఎ" అని రాసుకున్నాను. అత్తయ్య గారు అది చూసి, ఉలవచారు కూడా రాసెయ్, పుస్తకం లావెక్కుతుంది అన్నారు.

రేపు 24. గుమ్మడికాయ కేకు. ఒక డబ్బా గుమ్మడి గుజ్జు కావాలట. "డబ్బాలో గుమ్మడికాయేంటమ్మాయ్, అటక మీద రెండుంటేను" అంటున్నారు అత్తయ్య. ఉడికించి గుజ్జు చేస్తే నీరెక్కువైపోతుందా? న్యూజెర్సీ చెల్లీ, ఓ మాట చెప్పు.