టీటీజీ పన్నెండింతలు వచ్చాక కూడా బయాప్సీ ఎందుకు?

నీలిగన్నేరు:
మా పాపకి ఎనిమిదేళ్ళు. ఏడాదిగా ఎత్తు పెరగలేదు. ఐరన్ సిరప్ ఎన్ని సీసాలు తాగించినా హిమోగ్లోబిన్ 8 దగ్గరే ఆగిపోయింది. చివరికి టీటీజీ ఐజీఏ అనే యాంటీబాడీకి రక్తపరీక్ష చేయిస్తే ఉండాల్సిన హద్దుకి పదిహేనింతలు. మళ్ళీ ఇంకోసారి రక్తం తీసి ఈఎమ్‌ఏ అనే రెండో యాంటీబాడీ చూశారు, అదీ పాజిటివే. గొట్టం వేసి పేగు చూసే ఎండోస్కోపీ లేకుండానే సీలియాక్ (గోధుమలో ఉండే గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) అని తేల్చి గ్లూటెన్ మాన్పించారు. కన్నవాళ్ళకీ తోడబుట్టినవాళ్ళకీ కూడా చూడాలంటే నేనూ చేయించుకున్నాను, నా టీటీజీ పన్నెండింతలు. నా డాక్టరుగారేమో బయాప్సీ, అంటే పేగు ముక్క తీసి, చూడందే జబ్బు పేరు చెప్పనంటున్నారు. బిడ్డకో న్యాయం, తల్లికో న్యాయమా?

సూటిమాట:
అక్కర్లేదనే అంటాను. పిల్లలకి ఈ వెసులుబాటు ఐరోపా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2012లోనే ఇచ్చింది. అప్పట్లో లక్షణాలు ఉండాలన్నారు, హెచ్‌ఎల్‌ఏ జన్యుపరీక్ష కూడా కలవాలన్నారు. 2020లో ఆ రెండు షరతులూ ఎత్తేశారు. అదే ఏడాది కోవిడ్ వల్ల ఎండోస్కోపీలు ఆగిపోతే, బ్రిటన్‌లో లక్షణాలున్న 55 ఏళ్ళలోపు పెద్దవాళ్ళకి కూడా పదింతల టీటీజీతో తేల్చుకోవచ్చన్నారు. కరువులో చెల్లిన రూలు మామూలు రోజుల్లో ఎందుకు చెల్లదు?

మైక్రోస్కోపు:
నా పనే ఈ ముక్కలు చూడటం కాబట్టి బయాప్సీకే ఓటేస్తాననుకుంటారు. అది సగమే నిజం. ముందు సూటిమాట గారికి ఒక ప్రశ్న: పదింతలంటే దేనికి పదింతలండీ? ఒక కిట్‌లో హద్దు 10, ఇంకో కిట్‌లో 20. రిపోర్టులో 100 అని ఉంటే మొదటిదాంట్లో పదింతలు, రెండోదాంట్లో ఐదింతలే. అంకె చూసి గాభరా పడేవాళ్ళు పక్కనున్న హద్దు చూడరు.

అలాగని బయాప్సీ మాట వేదవాక్కు కాదు. బాగున్న పేగులో, లోపలి గోడ మీద వేళ్ళలా లేచి ఉండే చూషకం దాని కింది గుంత కంటే దాదాపు మూడింతల పొడుగుంటుంది. ఆ కొలత కుదరాలంటే ముక్క నిలువుగా తెగాలి. నాకొచ్చేది నువ్వుగింజంత ముక్క. మైనంలో పెట్టేటప్పుడు అది కాస్త పక్కకి ఒరిగిందా, కత్తి ఏటవాలుగా పోతుంది. నిక్షేపంలాంటి చూషకాలు కూడా అరిగిపోయినట్టు కనిపిస్తాయి. పైగా ఈ జబ్బు పేగంతా ఒక్కలా ఉండదు, అక్కడక్కడా మచ్చలుగా ఉంటుంది. అందుకే చిన్నపేగు మొదట్లో ఉండే డుయోడినమ్ రెండో భాగం నుంచి కనీసం నాలుగు ముక్కలు, దాని మొదట్లోనే ఉండే బల్బు నుంచి ఒకటో రెండో తీయాలి. ఒకే ఒక్క ముక్క పంపించి ‘సీలియాక్ ఉందా లేదా’ అని రాసేవాళ్ళనీ చూశాను. దేవుడిక్కూడా కష్టమే.

గోడమీదపిల్లి:
నా పేరుకి తగ్గట్టే రెండువైపులా చూసినవాణ్ణి. మా నాన్నగారికి నెలల తరబడి విరేచనాలు, పదిహేను కిలోలు తగ్గారు. బయాప్సీలో చూషకాలు పూర్తిగా చదునైపోయి ఉన్నాయి, సీలియాక్ అన్నారు. నాలుగు నెలలు గ్లూటెన్ ముట్టలేదు, తగ్గలేదు. రెండో డాక్టరుగారు పాత కాగితాలన్నీ తిరగేసి, టీటీజీ నెగటివ్ అని ఉండటం పట్టుకున్నారు. ఐజీఏ రకం యాంటీబాడీలు అసలే తక్కువగా ఉండేవాళ్ళలో ఈ పరీక్ష ఉత్తుత్తి నెగటివ్ రావచ్చట, అందుకని మొత్తం ఐజీఏ చూశారు, మామూలుగానే ఉంది. హెచ్‌ఎల్‌ఏ చూస్తే సీలియాక్‌తో ముడిపడ్డ డీక్యూ2 లేదు, డీక్యూ8 లేదు. ఆ జన్యువులు నూటికి ముప్ఫై నలభై మందిలో ఉంటాయి కాబట్టి ఉంటే ఏమీ తేలదు, రెండూ లేకపోతే మాత్రం సీలియాక్‌ని దాదాపు పక్కన పెట్టేయొచ్చు. చివరికి దొంగ దొరికింది: బీపీకి వేసుకుంటున్న ఓల్మెసార్టాన్. ఆ మాత్ర మార్చాక తేరుకున్నారు. జియార్డియా అనే పరాన్నజీవి, ట్రాపికల్ స్ప్రూ అనే పేగుజబ్బు కూడా చూషకాలని ఇలాగే అరగదీస్తాయట. కాబట్టి ఒక్క కాగితాన్ని నమ్మి కూర్చోకండి.

సూటిమాట:
పిల్లిగారూ, మీ కథ నా వైపే సాక్ష్యం చెబుతోంది. మీ నాన్నగారిని తప్పుదారి పట్టించింది బయాప్సీ, దారిలో పెట్టింది రక్తపరీక్ష. నీలిగన్నేరు గారికి టీటీజీ నెగటివ్ కాదు, పన్నెండింతలు.

గోడమీదపిల్లి:
ఒప్పుకున్నా. కానీ పెద్దవాళ్ళలో ఇంకో చిక్కుంది. గ్లూటెన్ మానేసి ఏడాదైనా కుదుటపడకపోతే? మొదట్లో పేగు ఎలా ఉందో తెలియకపోతే అప్పుడు తీసిన ముక్కని దేనితో పోల్చుతారు? జీవితాంతం తిండి మార్చుకోమనేముందు ఒకసారి లోపలికి చూడమనడం మరీ అన్యాయమేం కాదు.

నీలిగన్నేరు:
అందరికీ థాంక్సండి. ఎండోస్కోపీకి డేటు నెలన్నర తర్వాత ఇచ్చారు. ఈలోగా పాపతో పాటు నేనూ గోధుమ మానేద్దామనుకుంటున్నా, ఎలాగూ మానాల్సిందే కదా.

మైక్రోస్కోపు:
వద్దమ్మా, ఆ ఒక్క పనీ చేయకండి. మానేస్తే టీటీజీ దిగిపోతుంది, చూషకాలు మళ్ళీ లేస్తాయి, నాకు చూడ్డానికి ఏమీ మిగలదు. అప్పుడు పరీక్ష కోసం రోజుకి కనీసం 3 గ్రాముల గ్లూటెన్ రెండు వారాలు తినమంటారు, ఓర్చుకోగలిగితే ఎనిమిది వారాల దాకా కూడా పొడిగిస్తారు. ఒంటికి పడనిదని తెలిసీ తినడం నరకం. ఇంతకీ మీకు ఈఎమ్‌ఏ చేశారా?

నీలిగన్నేరు:
నాకు చేయలేదండీ, పాపకే చేశారు.

మైక్రోస్కోపు:
అయితే రేపే అడగండి. అమెరికా జీర్ణకోశ వైద్యుల 2023 మార్గదర్శకాల్లో కూడా పెద్దవాళ్ళకి మొదటి మాట బయాప్సీయే. లక్షణాలుండి ఎండోస్కోపీ వద్దనేవాళ్ళకీ, చేయించుకోలేనివాళ్ళకీ మాత్రం పదింతలు దాటిన టీటీజీ, వేరే రక్తంలో ఈఎమ్‌ఏ, రెండూ కలిస్తే ‘సీలియాక్ అయ్యుండొచ్చు’ అనుకోవచ్చన్నారు. మీ చేతిలో ఇప్పటికి ఒకటే ఉంది.

సూటిమాట:
ఈఎమ్‌ఏ కూడా పాజిటివ్ వస్తే నేనైతే గొట్టం మింగను. చెప్పేశా.

నీలిగన్నేరు:
ఈఎమ్‌ఏకి ఈ ఉదయం రక్తం ఇచ్చొచ్చా. ఎండోస్కోపీ డేటు మాత్రం వదులుకోలేదు, బల్బు నుంచి కూడా ముక్క తీయమని చీటీ మీద రాసిపెట్టుకున్నా. అప్పటిదాకా పాపకి గ్లూటెన్ ఉండకూడదు, నాకు ఉండాలి. ఒకే వంటింట్లో రెండు పెనాలు, రెండు గరిటెలు, రెండు డబ్బాలు. ‘నువ్వు మాత్రం ఎందుకు తింటున్నావమ్మా’ అని అది అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు.