అప్‌డేట్: పాప కంప్యూటర్ కొన్నాం

పోయిన నెల అడిగాను కదా, ఏడో తరగతి చదివే మా పాపకి 20,000లో కొత్తది అసెంబుల్ చేయించాలా, ఆఫీసుల్లో వాడి తీసేసినది కొనాలా అని. మీరు చెప్పినట్టే రెండోది తీసుకున్నాం.

శనివారం బెంగళూరులో కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డంతా తిరిగాం. మొదటి షాపులో చూపించినదాంట్లో విండోస్ 11 నడుస్తోంది, ధర కూడా తక్కువే. ప్రాసెసర్ చూస్తే ఐ5-6500, అంటే ఇంటెల్ ఆరో తరం! ఆరో తరానికి మైక్రోసాఫ్ట్ అధికారికంగా విండోస్ 11 ఇవ్వదు, ఎలాగోలా ఎక్కించేశారన్నమాట. పోనీ విండోస్ 10 వేసుకుందామా అంటే, దానికి మామూలు సపోర్టు (భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబరు 14తోనే అయిపోయింది. మీరు "ఎనిమిదో తరం కంటే కిందికి దిగొద్దు" అని అంత గట్టిగా చెప్పకపోతే కొనేసేవాళ్ళం.

చివరికి ఎనిమిదో తరం ఐ5-8500, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న చిన్న సీపీయూ డబ్బా 13,500కి దొరికింది. పాత మానిటర్ 3,500. వైఫై లేదు, యూఎస్‌బీ అడాప్టర్ విడిగా కొన్నాం. బిల్లు మీద మూడు నెలల వారంటీ రాయించాను.

బళ్ళో కన్నడమే, తెలుగు లేదు కాబట్టి కంప్యూటర్లో తెలుగు కీబోర్డు కూడా పెట్టాను. నిన్న అమ్మమ్మకి నాలుగు వాక్యాల ఉత్తరం టైపు చేసింది. ఒత్తుల దగ్గర చాలాసేపు తంటాలు పడింది కానీ నన్ను ముట్టుకోనివ్వలేదు.