లూయివిల్ సరిగ్గా అక్కడే ఎందుకు వెలిసింది?

కృష్ణలంక:
అక్టోబరులో రెండు రోజులు కెంటకీలోని లూయివిల్‌లో ఉంటాం. ఒహాయో నది పొడవు 981 మైళ్లట. అంత నదిలో ఆ వంపు దగ్గరే ఊరెందుకు కట్టారు? అందరూ 'ఫాల్స్' అంటారు, ఫొటోల్లో మాత్రం జలపాతమే కనబడదు. ఆ ఫాల్స్‌ను తప్పించే కాలువ తవ్వాక పడవలు అక్కడ ఆగాల్సిన పనే లేదు కదా, మరి ఊరు ఎలా నిలబడింది? చూడాలంటే ఎక్కడికెళ్లాలో కూడా చెప్పండి.

పాతపటాలు:
జలపాతం కోసం వెతక్కండి, లేదు. అక్కడ ఉన్నది రాతి పరుపు మీద సుడులు తిరుగుతూ పారే నీరు. రెండు మైళ్ల దూరంలో నది సుమారు 26 అడుగులు దిగుతుంది. మంచుయుగంలో హిమానీనదాలు కరిగి తెచ్చిన ఇసుక, కంకర పాత లోయను పూడ్చేశాయి. నది మళ్లీ దారి కోసుకునేటప్పుడు పాత లోయను వదిలి పక్కనున్న సున్నపురాయి మీదకెక్కింది. ఆ పూడిన లోయ ఇప్పుడు ఊరి కింద ఉంది.

నీరు నిండుగా ఉంటే, రాళ్ల మధ్య దారి తెలిసిన సరంగును పెట్టుకుని పడవ దిగిపోయేది. నీరు తగ్గితే ఆ పప్పులు ఉడకవు. సరుకంతా ఎగువ రేవులో దించాలి, బండ్లకెత్తాలి, రెండు మూడు మైళ్లు తోలాలి, దిగువ రేవులో ఇంకో పడవకెక్కించాలి. 1811లో 'న్యూ ఆర్లీన్స్' అనే ఆవిరి పడవ అక్టోబరులో వచ్చి, నీటి కోసం డిసెంబరు దాకా కాచుకుంది. కూలీ, బండి, గోదాము, బస: ఊరికి తొలి రాబడి అంతా ఈ ఆగడంలోంచి పుట్టిందే.

ఇక పుట్టుక. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1778 మే నెలలో వర్జీనియా సేనాని జార్జ్ రోజర్స్ క్లార్క్ తన సైనికులతో, వెంట వచ్చిన కొన్ని కుటుంబాలతో కార్న్ ఐలాండ్ అనే లంకలో దిగాడు. జూన్ 24న సూర్యగ్రహణం పట్టి ఉండగా ఆ రాళ్ల మీదుగానే పడవలు దించుకుని ఇలినాయ్ వైపు యుద్ధానికి పోయాడు. కుటుంబాలు తర్వాత గట్టు మీదకు మారాయి. 1780లో వర్జీనియా శాసనసభ ఊరికి హోదా ఇచ్చి, యుద్ధంలో సాయం చేస్తున్న ఫ్రాన్స్ రాజు 16వ లూయీ పేరు పెట్టింది. అందుకిచ్చిన 1,000 ఎకరాలు జాన్ కానలీ అనే బ్రిటిష్ పక్షపాతి నుంచి జప్తు చేసినవి. అప్పటికి ఈ నేల వర్జీనియాలో భాగం, కెంటకీ రాష్ట్రమైంది 1792లో.

బకింగ్‌హాం_కాలువ:
కాలువ ఊరిని దెబ్బతీస్తుందని అప్పటి బండ్లవాళ్లు, గోదాముల వాళ్లు కూడా భయపడ్డారు. లెక్కలు వేరే చెబుతాయి. కాలువ తెరిచిన 1830లో జనాభా 10,341, 1840కి 21,210, 1850కి 43,194. ఎందుకంటే అప్పటికే టోకు వర్తకం ఇక్కడ వేళ్లూనుకుంది. పైగా కాలువ ఇరుకు. పడవను నీటి మట్టంతో ఎత్తి దించే గదులు, అంటే లాకులు, మూడు మెట్లుగా ఉండేవి, 50 అడుగుల వెడల్పు. సుమారు 180 అడుగులు దాటిన పడవ పట్టేది కాదు. పడవలేమో ఏటికేడు పెరిగాయి. పెద్దవాటికి పాత తిప్పలు తప్పలేదు. 80 అడుగుల వెడల్పు లాకులు 1872లో గానీ రాలేదు. 1874లో కాలువ ఫెడరల్ ప్రభుత్వం చేతికొచ్చింది, 1880లో సుంకం ఎత్తేశారు.

ఇప్పుడున్నవి మెకాల్పైన్ లాకులు. పద్ధతి మన ధవళేశ్వరం లాకుల్లాంటిదే, కొలతలే వేరు: ఒక్కో గది 1,200 అడుగుల పొడవు, 110 అడుగుల వెడల్పు, మామూలుగా 37 అడుగుల ఎత్తు తేడా. ఎగువకు పోయే పడవ లోపలికొచ్చి గోడకు కట్టుకున్నాక వెనక తలుపులు మూస్తారు. గోడల్లోని తూముల కవాటాలు తెరిస్తే ఎగువ నీరు తనంతట అదే గదిలోకి దిగుతుంది, పంపులు అక్కర్లేదు. మట్టం సమానమయ్యాకే ముందు తలుపులు తెరుస్తారు. దిగువకు పోయేటప్పుడు ఇదే తిరగేసి.

1,200 అడుగులు ఎందుకంటే, బార్జి ఒక్కోటి 195 అడుగుల పొడవు, 35 వెడల్పు. వరుసకు మూడు చొప్పున ఐదు వరుసలు కడితే 975 అడుగుల పొడవు, 105 వెడల్పు. వెనక నెట్టే పడవతో సహా ఒకేసారి పడుతుంది. 600 అడుగుల గదిలో అయితే మధ్యలో విప్పి, రెండు విడతలుగా దాటించి, మళ్లీ కట్టుకోవాలి. 2009 దాకా ఇక్కడ పెద్ద గది ఒక్కటే, దానికి మరమ్మతు వస్తే బార్జీలు బారులు తీరేవి.

అసలు ప్రమాదం గదిలో కాదు, కాలువ మొదట్లో. అక్కడ ప్రవాహం నదికి అడ్డంగా ఉన్న ఆనకట్ట వైపు లాగుతుంది. 2023 మార్చి 28న 11 బార్జీల వరుసలోంచి 10 తెగిపోయాయి. 1,400 టన్నుల మెథనాల్ ఉన్న ఒకటి ఆనకట్టకు చిక్కుకుంది.

కృష్ణలంక:
అవతలి గట్టున క్లార్క్‌కు కూడా ఊరుంది కదండీ, క్లార్క్స్‌విల్. అది ఎందుకు పెరగలేదు?

పాతపటాలు:
క్లార్క్ సైనికులకు వర్జీనియా ఇచ్చిన 1,50,000 ఎకరాల్లో అది ఒక భాగం, 1783లో వేశారు. కానీ అది రాళ్ల పక్కనే ఉంది, వరద తగిలే నేల. లూయివిల్ రాళ్లకు ఎగువన ఉంది. బేర్‌గ్రాస్ వాగు నదిలో కలిసే చోట నిదానమైన నీటిలో పడవలు కట్టుకోవచ్చు. అప్పట్లో సరుకు ఎక్కువగా దిగువకే పోయేది. ముందు తగిలిన రేవుకే బేరం. దిగువ రేవులైన షిప్పింగ్‌పోర్ట్, పోర్ట్‌లాండ్ కొన్నాళ్లు పోటీ పడ్డాయి; పోర్ట్‌లాండ్ చివరికి లూయివిల్‌లోనే కలిసిపోయింది. అలాగని లూయివిల్‌కు వరద తప్పిందనుకోకండి: 1937 జనవరిలో ఊరు సుమారు 70 శాతం మునిగింది. ఇప్పుడు కనిపించే వరద గోడ ఆ తర్వాతిది.

రాతిపువ్వు:
అక్టోబరు మంచి అదను. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు నీరు తగ్గి రాతి పరుపు బయటపడుతుంది. సుమారు 39 కోట్ల ఏళ్ల నాటి పగడపు శిలాజాలు కాళ్ల కిందే ఉంటాయి. ఫాల్స్ ఆఫ్ ది ఒహాయో స్టేట్ పార్క్ ఇండియానా వైపు, క్లార్క్స్‌విల్‌లో ఉంది. లూయివిల్ నుంచి బిగ్ ఫోర్ అనే వంతెన మీద నది నడిచి దాటితే చేరేది జెఫర్సన్‌విల్. అక్కణ్నుంచి ఇంకా దిగువకు పోవాలి, కాబట్టి కారే నయం.

బయల్దేరే ముందు నీటి మట్టం చూసుకోండి. ఎగువన గట్టి వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా పరుపు మునిగిపోతుంది. చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి, తడి నాచు దారుణంగా జారుతుంది. సీసాలో నీళ్లు తీసుకెళ్లి రాయి మీద కాసిని పోస్తే శిలాజం గీతలు స్పష్టంగా తేలతాయి. ఏరుకుని తేవడం మాత్రం నిషేధం, చిన్న ముక్క కూడా. కార్న్ ఐలాండ్ కోసం అడగకండి, చెట్లు నరికి, సిమెంటుకు రాయి తవ్వుకున్నాక కోసుకుపోయి నీళ్ల కిందకెళ్లింది.