అమ్మకి పుస్తకాలు పంపాలి, కొరియర్ ఖర్చు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి

నల్లకుంటమ్మాయి: పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఇదే పని మీద తిరుగుతున్నాను. మా అమ్మ బయటి దేశం వెళ్లి ఎనిమిది నెలలైంది. ఫోన్ చేసినప్పుడల్లా చదువుకోవడానికి ఏమన్నా పంపమంటోంది. కోఠీలో 620 రూపాయలకి పదకొండు పాత పుస్తకాలు, కొన్ని వారపత్రికలు కొన్నాను. అన్నీ కలిపి నాలుగు కిలోలు. ఒక కొరియర్ ఆఫీసులో 4,200 అడిగారు, ఇంకోచోట 3,900. పోస్టాఫీసులో గంటన్నర నిలబడ్డాను, నా వంతు వచ్చేసరికి కౌంటర్ మూసేశారు. పుస్తకాల ఖరీదుకి దాదాపు ఏడు రెట్లు పంపే ఖర్చు! తక్కువలో పంపే దారి ఎవరికైనా తెలిస్తే చెప్పండి. చాలా విసుగ్గా ఉంది.

తపాలా బాబాయ్: ఏ దేశం?

మాజీ లైబ్రేరియన్: అమ్మా, ముందుగా ఒక మాట. ఇప్పుడు ఎవరో ఒకరు పీడీఎఫ్ లింకులు పెడతారు, దయచేసి తీసుకోకండి. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులు వారసులవి. గురజాడ 1915లో పోయారు, చిలకమర్తి 1946లో పోయారు. వాళ్లవి ఎవరైనా వేసుకోవచ్చు, హక్కులు తీరిన పుస్తకాలు ఉచితంగా ఉంచే వికీసోర్స్ సైటులో చదువుకోవచ్చు. కానీ నిన్నమొన్నటి రచయితల పుస్తకాలు స్కాన్ చేసి వాట్సాప్‌లో తిప్పడం అన్యాయం. ఈ రోజుల్లో వెయ్యి కాపీలు వేస్తే అవి అమ్ముడుపోవడానికే ఏళ్లు పడుతోంది. చాలామంది సొంత డబ్బు పెట్టి వేసుకుంటున్నారు. ఆ డబ్బు తిరిగి రాకపోతే రెండో పుస్తకం ఎలా వేస్తారు? ముప్పై ఏళ్లు పుస్తకాల మధ్యే బతికినవాణ్ని, చూస్తూ ఊరుకోలేక చెబుతున్నాను.

నల్లకుంటమ్మాయి: పీడీఎఫ్ నేనడగలేదండీ. డబ్బిచ్చి కొన్న పుస్తకాలే పంపాలి.

కాచిగూడ పాఠకుడు: బుక్ పోస్ట్‌లో వేసెయ్యండి. చవక. మా అన్నయ్యకి ఏళ్ల తరబడి అలాగే పంపాం.

తపాలా బాబాయ్: అన్నయ్య ఎక్కడ ఉండేవారు?

కాచిగూడ పాఠకుడు: నాగపూర్.

తపాలా బాబాయ్: అది దేశం లోపలిది. రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబరులో తీసేశారు కూడా. బయటి దేశానికైతే 'ప్రింటెడ్ పేపర్స్' అని అడగాలి. పుస్తకాలైతే కట్టకి 5 కిలోల దాకా.

కాచిగూడ పాఠకుడు: పేరేదైతే ఏముందండీ, పుస్తకం చేరాలి గానీ. అందరూ బుక్ పోస్టనే అంటారు.

తపాలా బాబాయ్: పేరు తప్పు చెబితే పార్సిల్ రేటు వేస్తారు. ఏ దేశమమ్మా?

రేడియో అభిమాని: దాసుభాషితం యాప్ చూడండి. తెలుగు పుస్తకాలు చదివి వినిపిస్తారు. పోస్టు ఖర్చే ఉండదు. మా అత్తగారు కూర తరుగుతూ వింటారు.

మాజీ లైబ్రేరియన్: వినడం మంచిదే, కాదనను. కానీ అది చదవడం కాదు. చదివేటప్పుడు నచ్చిన వాక్యం దగ్గర మనం ఆగుతాం. వినేటప్పుడు అది మన చేతిలో ఉండదు.

రేడియో అభిమాని: మా నాన్నగారికి చూపు పోయాక పన్నెండేళ్లు విని బతికారు. అరుగు మీద కూర్చుని పురాణం విన్న మన అమ్మమ్మలకి భారతం రాదా? వాళ్లకి పద్యాలు నోటికి వచ్చేవి. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను సార్.

మాజీ లైబ్రేరియన్: మీ నాన్నగారిని తక్కువ చేసే ఉద్దేశం లేదమ్మా. రెండూ వేరు అన్నాను, అంతే.

నల్లకుంటమ్మాయి: అయ్యో, దేశం రాయలేదు కదూ. అమెరికా. డల్లాస్ పక్కన మా తమ్ముడి దగ్గర ఉంది. శుక్లాల ఆపరేషన్ అయింది, ఫోన్ పది నిమిషాలు చూస్తే కళ్లలో నీళ్లు కారతాయి. యాప్ పెట్టిచ్చాం గానీ తనకి చేతిలో కాగితం ఉండాలి. తమ్ముడూ మరదలూ ఆఫీసుకి వెళ్తే సాయంత్రం దాకా ఒక్కతే.

పోయిన నెల వీడియో కాల్‌లో ఒక పేపరు ముక్క చూపించింది. నేను పంపిన ఆవకాయ సీసాకి చుట్టినదే. దిండు కింద పెట్టి మడతలు సాపు చేసుకుంది. నూనె అంటిన చోట వెనక పేజీ అక్షరాలు కూడా కనబడుతున్నాయి. మూడుసార్లు చదివానంది. ఒక వార్త చివర 'మిగతా 9లో' అని ఉందట, ఆ తొమ్మిదో పేజీ నీ దగ్గరుందా అని అడిగింది. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఫ్రిస్కోలో హైదరాబాదీ: అక్కా, డల్లాస్ అని ముందే చెప్పుంటే బాగుండేది, నేనుండేది ఆ పక్కనే. అక్కడి నుంచి నేరుగా పంపకండి. మీకు తెలిసినవాళ్లు అమెరికాలో ఏ ఊరికి వస్తున్నా సరే, పుస్తకాలు వాళ్ల పెట్టెలో సర్దండి. ఇక్కడ దిగాక పోస్టాఫీసుకి వెళ్లి 'మీడియా మెయిల్' అని అడగమనండి. పుస్తకాల కోసమే ఉన్న రేటు, మామూలు పార్సిల్ కన్నా బాగా తక్కువ, 70 పౌండ్ల దాకా తీసుకుంటారు. మెల్లగా వస్తుంది. అందులో ఉత్తరం పెట్టకూడదు, అప్పడాల ప్యాకెట్టు అసలు పెట్టకూడదు. తెరిచి చూసే హక్కు వాళ్లకుంది. గట్టి అట్ట పుస్తకాలు తీసేసి మెత్తటి అట్టవి పంపితే అదే బరువులో రెండు మూడు ఎక్కువ పడతాయి.

అమ్మగారి పేరు మీద ఇక్కడి పబ్లిక్ లైబ్రరీ కార్డు కూడా తీయించండి. ఇంటి అడ్రసుకి రుజువు చూపిస్తే ఉచితంగా ఇస్తారు.

మాజీ లైబ్రేరియన్: కార్డు తీసుకున్నాక 'ఇంటర్ లైబ్రరీ లోన్' అని అడగమనండి, అంటే వేరే లైబ్రరీ పుస్తకం మన లైబ్రరీకి తెప్పించి ఇవ్వడం. చికాగో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాల్లో తెలుగు పుస్తకాలు బాగా ఉన్నాయి. అమెరికా మనకి గోధుమలు అమ్మినప్పుడు వచ్చిన రూపాయలతోనే 1962 నుంచి ఇక్కడి పుస్తకాలు కొని అక్కడి లైబ్రరీలకి పంపారు. ఆ పథకాన్ని పీఎల్-480 అనేవారు. అన్నీ బయటికి ఇవ్వరు, అయినా అడిగి చూడండి. అమ్మగారికి అక్షరం పెద్దగా ఉన్నవి ఏరండి. పాత వారపత్రికల్లో సీరియల్ అయితే వరుస సంచికలన్నీ ఉన్నాయో లేదో చూసి మరీ కొనండి. మధ్యలో ఒకటి పోతే ఆవిడకి మళ్లీ ఆ తొమ్మిదో పేజీ బాధే.

కాచిగూడ పాఠకుడు: ఆదివారం అబిడ్స్ వెళ్లండి. మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పరుస్తారు. వరస సంచికలు కట్టలుగా దొరుకుతాయి ఒక్కోసారి. పొద్దున్నే వెళ్తే మంచివి ఉంటాయి.

నల్లకుంటమ్మాయి: మా పిన్ని కొడుకు 20న అట్లాంటా వెళ్తున్నాడు. ఇప్పుడే ఫోన్ చేశాను, ఆరు కిలోలు పెట్టుకుంటానన్నాడు. ఆదివారం అబిడ్స్ వెళ్తాను. అందరికీ థ్యాంక్స్ అండీ.

తపాలా బాబాయ్: మంచిది.

వనస్థలిపురం నుంచి: ఇదే ఇబ్బంది మాకూ ఉంది, కానీ మా అమ్మాయి జర్మనీలో. అక్కడ కూడా ఈ మీడియా మెయిల్ లాంటిది ఉంటుందా?