పిల్లలు వీడియో చూడకుండానే ఆన్‌లైన్ ఇంగ్లీష్ క్లాసుకు వస్తున్నారు, ఏం చేయాలి?

లెక్చరర్, అనంతపురం:
డిగ్రీ ఫస్టియర్‌కు ఆన్‌లైన్‌లో ఇంగ్లీష్ చెప్తున్నాను. ఈ సెమిస్టర్ ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ పద్ధతి పెట్టాం, అంటే పాఠం వీడియోగా ముందే పంపేసి లైవ్ క్లాసంతా పిల్లల చేత మాట్లాడించడానికే వాడుకోవాలని. వీడియో అరగంట ఉంటుంది. కళ్యాణదుర్గం, మడకశిర వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ, ఇంటర్ దాకా తెలుగు మీడియం. క్లాసులో ఏదైనా అడిగితే మైకులన్నీ ఆఫ్. సగం మంది వీడియో చూసే ఉండరు, వాళ్ల కోసం పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తోంది. పాత పద్ధతికే పోవాలా?

ఇంగ్లీష్ సార్, కర్నూలు:
పోవద్దు మేడమ్, కానీ మళ్లీ చెప్పడం మాత్రం రేపే ఆపేయండి. ఎలాగూ మేడమ్ చెప్తారని తెలిశాక వీడియో ఎవరు చూస్తారు? చూడని వాళ్లను మొదటి పది నిమిషాలు వేరే బ్రేకౌట్ రూములో, అంటే ఆన్‌లైన్ క్లాసులోనే విడిగా తెరిచే చిన్న గదిలో పెట్టి అక్కడ చూసి రమ్మనండి, మిగతావాళ్లతో మీరు పని మొదలుపెట్టేయండి. ఇంకోటి, అరగంట చాలా ఎక్కువ. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల మీద 2014లో వచ్చిన పరిశోధనలో, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు చూసే సమయం మధ్యస్థంగా 6 నిమిషాలు దాటలేదని తేలింది. ఒక వీడియోకు ఒక్క విషయమే, ఉదాహరణకు ప్రశ్నలు అడగడం. చివర్లో, మీ ఊరికి కొత్తగా వచ్చినవాళ్లను అడిగే మూడు ప్రశ్నలు రాసుకుని రండి అనండి. క్లాసులో ఇద్దరిద్దరినీ ఒక రూములో పెట్టి అవే అడగమంటే సరిపోతుంది. అందరి ముందు నోరు విప్పని అమ్మాయి కూడా ఒక్కరి ముందైతే తప్పో ఒప్పో మాట్లాడుతుంది.

డిగ్రీ స్టూడెంట్, కడప:
మేడమ్, మేం చూడకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. మా ఇంట్లో ఉన్నది ఒకే ఫోను, పగలంతా నాన్న దగ్గరే ఉంటుంది, సాయంత్రం తమ్ముడికి కావాలి, రోజుకిచ్చే డేటా లైవ్ క్లాసుకే అయిపోతుంది. మా మేడమ్ వాట్సాప్‌లో చిన్న ఆడియో, ఒక పేజీ నోట్సు పంపిస్తారు, ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే ఎన్నిసార్లైనా వినొచ్చు. చేయాల్సిన పనేంటో తెలుగులో చెప్పండి, అది అర్థంకాకే చాలామంది వదిలేస్తారు. అందరి ముందు తప్పులు దిద్దితే మాత్రం మళ్లీ మైకు ఆన్ చేయాలంటే టెన్షన్ వస్తుంది మేడమ్.

రిటైర్డ్ లెక్చరర్, అనంతపురం:
ఆ కడప అమ్మాయి చెప్పింది ముందు వినండి. 2007లో కొలరాడోలోని వుడ్‌లాండ్ పార్క్ హైస్కూల్లో ఈ ఫ్లిప్డ్ పద్ధతికి పేరు తెచ్చిన బెర్గ్‌మన్, సామ్స్ అనే ఇద్దరు టీచర్లు క్లాసులు మిస్సయ్యే పిల్లల కోసమే వీడియోలు మొదలుపెట్టారు, ఇంటర్నెట్ లేనివాళ్లకు డీవీడీలు కాపీ చేసి ఇచ్చారు. అయితే వాళ్లు చెప్పింది కెమిస్ట్రీ. అందులో వివరణను వీడియోలోకి తోసేయొచ్చు. భాషలో వినడం, చదవడమే చదువు కాబట్టి ముందు పంపేది గ్రామర్ లెక్చరే కానక్కర్లేదు, ఇద్దరు మాట్లాడుకునే రెండు నిమిషాల ఆడియో పంపండి, దాని మీదే క్లాసు నడపండి.

లెక్చరర్, అనంతపురం:
అందరికీ థాంక్స్. వచ్చే వారం నుంచి ఆడియోలే పంపిస్తాను. కానీ ఒక్కదాన్నే అన్ని రూములూ ఎలా తిరగాలి సార్?

ఇంగ్లీష్ సార్, కర్నూలు:
అన్నీ తిరగక్కర్లేదు మేడమ్. రోజుకు రెండు మూడు రూముల్లో కూర్చోండి, ఏ రూముకు వస్తారో ముందు చెప్పకండి. మిగతా జంటలను ఒక నిమిషం మాట్లాడి రికార్డు చేసి గ్రూపులో కాకుండా మీకు విడిగా పంపమనండి.