తుపాకీ శుభ్రానికి కిరసనాయిలు చాలా, డబ్బా సాల్వెంటే కొనాలా?

భీమిలి 12 బోర్:
మా నాన్నగారి డబుల్ బ్యారెల్ 12 బోర్ తుపాకీ ఇప్పుడు నా లైసెన్సు మీదకొచ్చింది. మా ఇల్లు సముద్రానికి బాగా దగ్గర. నాన్నగారు మొదట్నుంచీ కిరసనాయిలుతోనే శుభ్రం చేసేవారు. మొన్న రిపేరు చేసే ఆయనకి చూపిస్తే, కిరసనాయిలు దగ్గరికే రానివ్వొద్దు, తుపాకుల కోసం డబ్బాల్లో అమ్మే సాల్వెంటే (మసి కరిగించే ద్రవం) కొనుక్కోమన్నారు. అది ఇక్కడ అంత సులువుగా దొరకదు. కిరసనాయిలు నిజంగా అంత చెడ్డదా? పెట్రోలు, టర్పెంటైన్, గోళ్లరంగు తుడిచే అసిటోన్ లాంటివి వాడొచ్చా?

గోపాలపట్నం మాజీ సైనికుడు:
ఏమీ కాదు బాబూ, నిశ్చింతగా వాడు. ఎండిపోయిన గ్రీజు, మందుగుండు మసి కిరసనాయిలుకి లొంగినట్టు మరి దేనికీ లొంగవు. అమెరికాలో ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్ 18వ నంబరు క్లీనర్ అని ఒకటుండేది. అందులో ఉన్నవి కిరసనాయిలు జాతి నూనె, టర్పెంటైన్, అసిటోన్, తిమింగలం నూనె. తర్వాత ఎడ్ హారిస్ అనే ఆయన తిమింగలం నూనె బదులు కారు గేర్‌బాక్సుల్లో పోసే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కలిపి ఇంట్లోనే చేసుకునేలా మార్చాడు. అక్కడివాళ్లు ఇప్పటికీ కలుపుకుంటున్నారు. డబ్బా మీద తుపాకీ బొమ్మ ఉన్నంత మాత్రాన లోపలి సరుకు వేరే లోకం నుంచి ఊడిపడదు.

ఎంవీపీ కాలనీ:
మాజీ సైనికుడు గారూ, మీరు చెప్పిన ఫార్ములా నిజమే. కానీ అందులో నూనె ఎందుకు కలిపారో చూడండి. కిరసనాయిలు ఆరిపోతుంది, నూనె ఇనుము మీద నిలబడుతుంది. భీమిలి గారి నాన్నగారు వాడింది ఉత్త కిరసనాయిలు. దానికీ ఆ ఫార్ములాకీ ఉన్న తేడా అదే. మన విశాఖలో ఆ తేడాయే తుపాకీ ప్రాణం తీస్తుంది.

కిరసనాయిలు మసిని వదిలిస్తుంది, తుప్పుని ఆపదు. ఆరాక మిగిలే పొర పేరుకే పొర. ఇక్కడి గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉన్నాయి. చెమట చేత్తో బ్యారెల్ పట్టుకుని అలాగే పక్కన పెట్టండి, కొన్నాళ్లకి సరిగ్గా వేళ్లు ఆనిన చోటే ఎర్రటి చుక్కలు లేస్తాయి. గొట్టానికి నీలం పూత (బ్లూయింగ్) ఉన్నా అంతే, ఆ పూత ఒంటరిగా తుప్పుని ఆపలేదు. కాబట్టి కిరసనాయిలుతో కడగండి, పొడి గుడ్డతో పూర్తిగా తుడవండి, ఆ తర్వాత తుపాకీ నూనె పల్చగా పట్టించండి. మూడో పని మానేసేవాళ్లే కిరసనాయిలుని తిడుతుంటారు.

12 బోర్‌కి ఇంకో మాట. గొట్టంలో సీసం చారలుంటే ఏ కిరసనాయిలూ కరిగించలేదు, కంచు తీగల బ్రష్‌తో గీకాల్సిందే. తూటాలో గుళ్ల వెనకుండే ప్లాస్టిక్ వాడ్ వదిలిన మరకకీ బ్రషే మందు, అసిటోన్‌కి అది కరగదు. పైగా కర్ర మడమ (భుజానికి ఆన్చే భాగం) మీద వార్నిష్ ఉంటే అసిటోన్ చుక్క పడిన చోట తెల్లగా లేచిపోతుంది.

పెట్రోలు మాత్రం వద్దే వద్దు. కిరసనాయిలు దాదాపు 38 డిగ్రీలకి చేరితే గాని అంటుకునేంత ఆవిరి ఇవ్వదు. పెట్రోలు సున్నాకి 40 డిగ్రీలు దిగువన కూడా ఇస్తుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతుంది. మీరు హాల్లో కూర్చుని తుడుస్తుంటే పూజ గదిలో దీపం దాకా వెళ్తుంది. టర్పెంటైన్ అంత భయపెట్టదు గానీ, ఆరాక జిగట వదులుతుంది.

గాజువాక షూటర్ వాళ్లమ్మ:
ఎయిర్ రైఫిల్ ఉన్నవాళ్లు దయచేసి ఇవేవీ చేయకండి. మా అబ్బాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలు ఆడతాడు. వీటిలో మందుగుండు ఉండదు, మసీ ఉండదు. కిరసనాయిలు తగిలితే లోపలి రబ్బరు రింగులు పాడై గాలి లీకవ్వచ్చు. స్ప్రింగ్ రైఫిల్‌లో అయితే ఇంకా ప్రమాదం. పిస్టన్ గాలిని ఒక్కసారిగా నొక్కినప్పుడు ఆ వేడికి నూనె ఆవిరి డీజిల్ ఇంజన్‌లోలా పేలుతుంది, సీళ్లు పోతాయి. శుభ్రానికి వాడే పొడి ఫెల్ట్ పెల్లెట్లు (ఉన్ని గుళ్లు) వదిలితే చాలు. పిల్లలు తెలియక ఇంట్లో ఏదున్నా పోసేస్తారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గోపాలపట్నం మాజీ సైనికుడు:
అమ్మా, ఎయిర్ రైఫిల్ సంగతి ఒప్పుకుంటాను. నూనె విషయంలో ఎంవీపీ కాలనీ గారు అన్నదీ సరే. మేమూ అలాగే చేశాం. నాలుగంగుళాల చిందీ (గుడ్డ ముక్క) పుల్‌త్రూకి, అంటే గొట్టంలోంచి లాగే తాడుకి, తగిలించి లాగేవాళ్లం, మొదటిది నల్లగా వచ్చేది, తెల్లగా వచ్చేదాకా మార్చేవాళ్లం, ఆఖర్న నూనె చిందీ. కానీ కిరసనాయిలు "దగ్గరికే రానివ్వొద్దు" అనే మాట మాత్రం నేను ఒప్పుకోను.

ఇంకొకటి కూడా రాయాలి. మందు కూరి కాల్చే పాత తుపాకీకి నల్ల తుపాకీ మందు (బ్లాక్ పౌడర్) మిగిల్చేది లవణాల మడ్డి. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, కిరసనాయిలుకి కరగదు, నీళ్లకే కరుగుతుంది. పాత .303 సైనిక రైఫిళ్లకి సలసల కాగిన నీళ్లు గరాటాతో పోసేది కూడా ఆ ఉప్పు కోసమే, అప్పటి ప్రైమర్లు (తూటా అడుగున నిప్పు రాజేసే చిన్న మూతలు) కాలాక ఉప్పు మిగిల్చేవి. ఆ తుపాకులకి ఎంత ఖరీదైన నూనె సాల్వెంట్ కొన్నా నీళ్లు పోయకపోతే దండగ.

భీమిలి 12 బోర్:
చాలా థ్యాంక్స్ అందరికీ. మరి ఎన్నికలప్పుడు? 2024లో మార్చి 16న కోడ్ వచ్చాక తుపాకీ పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేశాం, ఫలితాలు జూన్ 4న. తిరిగొచ్చేసరికి గొట్టం లోపల గరుకు పట్టింది.

ఎంవీపీ కాలనీ:
మళ్లీ ఇచ్చే ముందు గొట్టం లోపలా బయటా నూనె మామూలుకన్నా కాస్త మందంగా పట్టించండి. తిరిగొచ్చాక కాల్చేముందు దాన్ని పూర్తిగా తుడిచేయాలి. తోలు సంచిలో మాత్రం పెట్టి ఇవ్వకండి. తోలు తేమని పట్టి ఉంచుతుంది, తోలు పదును చేసిన లవణాలు ఇనుముని తింటాయి. నూనె రాసిన నూలు గుడ్డలో చుట్టండి. ఇంట్లో బీరువాలో కొన్నాళ్లు గొట్టం మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి, లేకపోతే నూనె దిగి మడమ కర్రని మెత్తబరుస్తుంది.

శుభ్రం చేసేముందు తుపాకీలో తూటాలు పెట్టే రెండు అరలూ తెరిచి ఖాళీ అని కళ్లతో చూసి, వేలు పెట్టి తడమండి. తూటాలు వేరే గదిలో ఉండాలి. పని వరండాలో చేయండి. మసిలో సీసం ఉంటుంది కాబట్టి గ్లవ్స్ వేసుకోండి, వంటింటి సింకులో మాత్రం కడగకండి.